బోన్లలో పసుపు మరకలు

మంగళవారం పొద్దున పది గంటలకు కోనేరు సెంటర్‌లో మేడమెట్లెక్కి వచ్చిన పెద్దావిడ, కుర్చీ చూపించినా కూర్చోలేదు. చీర కుచ్చెళ్లకు బురద అంటుకుని ఉంది.

“నా పేరు జీవరత్నం అండీ. రిటైరైన నర్సుని. మా వీధిలో ఐదు పిల్లుల్ని ఎవరో చంపేశారు. ఇప్పుడు ఆ పాపం ఒక పేద మనిషి నెత్తిన రుద్దుతున్నారు.”

ప్రైవేట్ డిటెక్టివ్ పెద్దిరాజు చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టాడు. ఇరవై ఏళ్లు బీమా కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకుని, ఆ ఉద్యోగం వదిలి బందరులో సొంత ఆఫీసు పెట్టుకున్న మనిషి. హారిక అతని దగ్గర అసిస్టెంటుగా చేరి రెండేళ్లయింది. ఎదుటివాళ్లను అతను గద్దించడం గానీ, అడిగిన ప్రశ్న రెండోసారి అడగడం గానీ ఆమె ఇంతవరకు చూడలేదు. అందుకే అతనంటే ఆమెకు అంత గురి.

“మొదటి నుంచి చెప్పండమ్మా,” అన్నాడతను.

వీధిలో పిల్లులు విపరీతంగా పెరిగాయి. పుట్టిన కూనల్ని కొందరు గోనెసంచిలో కట్టి కాలవలో పడేస్తుంటే చూడలేక, రిటైరైన హెడ్మిస్ట్రెస్ సరోజిని గారు ఇరుగుపొరుగును కూడగట్టింది. తలా ఒక చెయ్యి వేసి బోన్లు చేయించారు. సాయంత్రం పిల్లుల్ని పట్టడం, మర్నాడు పశువుల డాక్టరు నతానియేలు గారి చేత పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించడం, గుర్తుగా చెవి కొస కాస్త కత్తిరించి మళ్లీ వీధిలోనే వదిలెయ్యడం. ఇప్పటికి పదిహేడింటికి అయింది. నిన్న సాయంత్రం మరో ఆరు పడ్డాయి. బోన్లు సరోజిని గారింటి వెనక వరండాలో పెట్టారు.

“ఆపరేషన్ ముందు వాటి కడుపు ఖాళీగా ఉండాలండీ. మంచినీళ్లు తప్ప ఏమీ పెట్టొద్దని సరోజిని గారే అందరికీ గట్టిగా చెప్పారు. తెల్లారి నేను పెరట్లోంచి వెళ్లి చూస్తే ఐదు పిల్లులు బిగుసుకుపోయి ఉన్నాయి. ‘అయ్యో, ప్రాణం పోయింది’ అని కేకపెట్టాను. సరోజిని గారి తమ్ముడు బసవయ్య గారు ఇంట్లోంచి పరిగెత్తుకొచ్చారు. పాపం, ఆయనకి అక్కంటే ఎంత ఆపేక్షో! వరండా వైపు చూడనే లేదు. ‘అక్క గుండె ఆగిపోయింది, డాక్టరుకి ఫోన్ చెయ్యండి’ అంటూ ఆవిడ గదికే వెళ్లారు. ఆవిడ తలుపు తీసుకుని బయటికొచ్చేసరికి ఈయన గోడకి జారగిలబడ్డారు.”

“నింద ఎవరి మీద పడింది?”

“ఎండు చేపలమ్మే ఎల్లమ్మ మీద. పిల్లులు చేపలెత్తుకుపోతున్నాయని పోయిన వారం నలుగురిలో ‘మందెట్టి సంపేస్తా’ అని అరిచింది. పొద్దున మా వీధివాళ్లే ఆమె గంపలు కాలవలో పారేశారు. సాయంత్రం పోలీసులకి అప్పజెబుతారట.”

పదకొండు గంటలకల్లా వాళ్లు ఆ వీధిలో ఉన్నారు. కాలవ గట్టున ఒక ఆడమనిషి తడిసి విరిగిన గంప ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

“సంపేస్తానన్నది నేనే బాబూ. కోపమొచ్చి అన్నాను,” అంది ఎల్లమ్మ. “నా గుడిసెలో ఈనిన పిల్లికి సేప తలకాయలేసి సాకింది కూడా నేనే. అది ఎవురికీ కనపడలేదు.”

సరోజిని గారి వెనక వరండాకు ఇనుప గ్రిల్లు ఉంది. తాళం లోపలివైపు. బోన్లు గోడవారగా, గ్రిల్లు అవతల నుంచి చెయ్యి చాచినా అందనంత దూరంలో ఉన్నాయి. ప్రతి బోనులోనూ నీళ్లకని ఒక కొబ్బరి చిప్ప. ఆరో బోనులో బతికిపోయిన తెల్ల గండుపిల్లి బుసకొడుతోంది. దాని చిప్ప బోర్లా పడి ఉంది. ముందరి పాదాలు రెండూ పసుపుపచ్చగా ఉన్నాయి. మిగిలిన ఐదు చిప్పల అడుగునా అదే రంగు ఎండి అతుక్కుంది.

“తుప్పా అండీ?” అని అడిగింది హారిక.

పెద్దిరాజు ఒక చిప్ప ఎత్తి వాసన చూశాడు. “తుప్పు కాదు. రాసుకో,” అని మాత్రం అన్నాడు.

ఒంటి గంటకు నతానియేలు గారి దగ్గరకు వెళ్తే, చచ్చిన పిల్లుల్ని కోసి చూసిన ఆయన చేతులు కడుక్కుంటూ తల అడ్డంగా ఊపాడు. “కడుపుల్లో చేప లేదు, మాంసం లేదు. పాలు తప్ప ఇంకేమీ లేవు. పురుగుమందు వాసన కూడా లేదండీ. గుండె మీద పనిచేసే మందేదో పడిందని నా అనుమానం. పరీక్షకి పంపిస్తున్నాను.”

మళ్లీ సరోజిని గారింటికి వచ్చేసరికి ఆవిడ మంచం మీద కూర్చుని దగ్గుతోంది. అరవై రెండేళ్లు. సన్నగా, నిటారుగా ఉంది. కళ్లు మాత్రం ఏడ్చి ఏడ్చి వాచాయి. తలగడ పక్కన గుండె మాత్రల పెట్టె, దాని కింద గుడివాడ మందుల షాపు పేరున్న కవరు. తమ్ముడు బసవయ్య తువ్వాలుతో అక్క వీపు రాస్తున్నాడు. అతని భార్య దుర్గ గుమ్మంలో నిలబడి ఉంది.

“మందులు గుడివాడ నుంచి తెస్తారా?” అన్నాడు పెద్దిరాజు.

“పని మీద వెళ్లినప్పుడు తెచ్చానండీ,” అన్నాడు బసవయ్య.

గోడ మీది క్యాలెండర్‌లో గురువారం చుట్టూ సిరాతో సున్నా చుట్టి ఉంది. పెద్దిరాజు చూపు అటు వెళ్లడం గమనించి సరోజిని చెప్పింది: “ఎల్లుండి రిజిస్ట్రేషనుందండీ. నాగాయలంక దగ్గర నా పేరున పదెకరాలుంది. దున్నుకుంటున్న రైతులకే రాసిచ్చేస్తున్నాను. రొయ్యల చెరువులు తవ్వుదామని వీడన్నాడు గానీ, చుట్టుపక్కల పొలాలన్నీ ఉప్పుదేలిపోవూ?”

“అక్క మాటే నా మాట,” అని బసవయ్య నవ్వాడు.

పెద్దిరాజు లేచాడు. “సరే. ఇది ఎల్లమ్మ పనిలాగే కనిపిస్తోంది. ఐదింటికి అందరినీ ముందుగదిలోకి రమ్మనండి, తేల్చేద్దాం. ఈలోపు సరోజిని గారితో ఐదు నిమిషాలు ఒంటరిగా మాట్లాడాలి.”

తాళం సంగతి, పాల సంగతి తెలిసి కూడా ఇతను ఆ మాటెలా అనగలిగాడు? బయటికొచ్చాక హారిక ఆ మాటే అడగబోయింది. అతను అప్పటికే ఎస్టీడీ బూతులోకి దూరి ఎవరికో ఫోన్ చేస్తున్నాడు.

ఐదు గంటలకు ముందుగదిలో వీధి వీధంతా కిక్కిరిసింది. ఎల్లమ్మ గుమ్మం అవతలే నిలబడితే జీవరత్నం చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చింది. పెద్దిరాజు బల్ల మీద ఒక స్టీలు గ్లాసు పెట్టాడు.

“ఎల్లమ్మ ఈ పని చెయ్యలేదు,” అని మొదలుపెట్టాడు. “మధ్యాహ్నం అలా అనడానికి కారణముంది, చెబుతాను. గ్రిల్లుకి తాళం లోపలుంది. పిల్లులకి పెట్టింది ఇంట్లోని మనిషి. పెట్టినవి పాలు. ఆ పాలల్లో పసుపుంది, మిరియాలున్నాయి. చిప్పలకి ఇంకా వాసన పోలేదు. పిల్లిని చంపదలిచినవాళ్లు పాలల్లో పసుపూ మిరియాలూ వేసి కాచరు. అవి దగ్గుతో బాధపడే మనిషి కోసం కాచిన పాలు.”

సరోజిని లేచి నిలబడింది. “పోసింది నేనేనండీ. ఆకలికి అవి ఏడుస్తుంటే నిద్ర పట్టలేదు. తాగకుండా పక్కన పెట్టిన నా పాలే తలా కాసిని పోశాను. నియమం పెట్టి నేనే తప్పానని సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు. పాలు తాగి ఎవరు చస్తారు, తర్వాత ఎవరో విషం పెట్టి ఉంటారు అనుకున్నాను.”

ఆ మాటల అర్థం ఒక్కొక్కరికే తెలిసివస్తుంటే, ఒక్కో మొహమే పాలిపోవడం హారిక చూసింది. చావవలసింది పిల్లులు కాదు.

“ఇందాక నాలుగింటికి సరోజిని గారికి మళ్లీ పాలొచ్చాయి,” అన్నాడు పెద్దిరాజు, గ్లాసు ముందుకు జరుపుతూ. “నేను ముందే చెప్పి ఉంచాను కాబట్టి ఆవిడ తాగలేదు.”

దుర్గ దూసుకొచ్చింది. “పాలు కాచింది నేనండీ! నిన్నా నేనే, ఇవాళా నేనే. నా చేతి పాలల్లో విషమా? మా వదినకి నేను విషం పెడతానా? ఇదిగో, అందరూ చూస్తుండగానే తాగుతాను!”

గ్లాసు ఎత్తి పెదవులకు ఆనించింది.

“వద్దే!” అని గావుకేక పెట్టి బసవయ్య మీదికి దూకాడు. అతని చేతి దెబ్బకు గ్లాసు ఎగిరి గోడకు తగిలింది. పాలు దుర్గ చీర మీద, నేల మీద చిందాయి.

పెద్దిరాజు వంగి గ్లాసు తీసి బల్ల మీద పెట్టాడు.

“అవి నేను హోటల్ నుంచి తెప్పించిన మంచి పాలు బసవయ్య గారూ,” అన్నాడు పెద్దిరాజు. “మీరు నాలుగింటికి మీ చేత్తో తెచ్చి ఇచ్చినవి సీసాలో సీలు వేసి ఎస్సై గారికి ఇచ్చేశాను. దుర్గ గారికి ఏమీ తెలియదు కాబట్టే గ్లాసెత్తారు. తెలిసింది మీకొక్కరికే. పొద్దున జీవరత్నం గారు ‘ప్రాణం పోయింది’ అంటే మీరు వరండా వైపు చూడలేదు. ఎవరి ప్రాణమో మీకు ముందే తెలుసు. పాలల్లో కలపడానికి అన్నేసి గుండె మాత్రలు ఇక్కడ కొంటే షాపువాడు ఆరా తీస్తాడని గుడివాడ వెళ్లారు. వారంలో రెండుసార్లు కొన్నారని ఆ షాపతను ఫోన్లో చెప్పాడు. ఆ భూమి మీకు దక్కాలంటే గురువారం లోపల పని కావాలి. పిల్లుల బెంగతో గుండె ఆగిందంటే ఇవాళ లోకమంతా నమ్మేది. నేను ఎల్లమ్మ మీదకి తోసేసరికి మీకు ధైర్యమొచ్చింది. అందుకే అలా అన్నాను.”

పక్కగదిలోంచి ఎస్సై, ఒక కానిస్టేబుల్ వచ్చారు. బసవయ్య పారిపోవాలని చూడలేదు. “చెరువులు తవ్వుకోనివ్వమని కాళ్లు పట్టుకున్నానుగా అక్కా,” అన్నాడు నేల చూస్తూ. “ఒక్కసారి సరేనంటే ఏం పోయేది?”

అతన్ని తీసుకువెళ్లాక కూడా సరోజిని తలుపు వైపే చూస్తూ, “నాకు దగ్గు తగ్గలేదని మూడు రోజుల నుంచి వాడే వీపు రాస్తున్నాడండీ,” అంది. అదే మాట మళ్లీ అంది. మూడోసారీ అంది.

వీధివాళ్లు ఎల్లమ్మ మొహం చూడలేక ఒక్కొక్కరే చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయారు. హారిక కళ్లు తుడుచుకుని, లోపలికెళ్లి గ్లాసుతో మంచినీళ్లు తెచ్చింది. సరోజిని గ్లాసు అందుకుంది. నోటిదాకా తెచ్చి ఆగిపోయింది. నీళ్లకేసి చూసింది, హారిక మొహంలోకి చూసింది. ఆ నీళ్లు ఆవిడ తాగలేకపోతోందని హారికకు అర్థమైంది.

దుర్గ తడిసిన చీరతోనే వచ్చి కింద కూర్చుంది. వదిన చేతిలోంచి గ్లాసు తీసుకుని సగం గటగటా తాగి, మళ్లీ అందించింది.

“ఎంగిలి అనుకోకు వదినా,” అంది.

సరోజిని మరదలి మొహం చాలాసేపు చూసింది. తర్వాత రెండు చేతులతో గ్లాసు పట్టుకుని తాగింది.