బూరుగుపాడు ప్రమాణం

2061 జూలై 14, సాయంత్రం 4.52కి బూరుగుపాడు ఆరోగ్య కేంద్రంలో గెమ్మెలి పార్వతి చనిపోయింది. వయసు ఇరవై ఆరు. తెల్లవారుజామున కట్లపాము కరిచింది. విరుగుడు మందు ఎక్కించారు. అది పనిచేసి ఛాతీ కదిలేదాకా ఎవరో ఒకరు చేత్తో గాలి ఎక్కించే ఊపిరి సంచి పిండుతూ ఉండాలి.

నర్సు కొర్ర దమయంతి పొద్దున ఆరింటి నుంచి పిండింది. పార్వతి అత్త రెండు గంటలు అందుకుంది. ఆ తర్వాత ముసలామె వేళ్లు కొంకర్లు పోయాయి.

గుమ్మం బయట ముప్పై మంది నిలబడ్డారు. మంచినీళ్లు అందించారు, ఏడ్చారు. లోపలికి ఎవరూ రాలేదు.

"బుద్రూ, నువ్వైనా రా. అరగంట చాలు," అంది దమయంతి.

నిరుడు ఇదే మంచం మీద పాము కాటుతో పడుకున్నవాడు వంతల బుద్రు. కరెంటు పోయి ఊపిరియంత్రం ఆగితే ఊళ్లో నలభై మంది వంతులేసుకుని పందొమ్మిది గంటలు సంచి పిండారు. బతికాడు. ప్రతి కేంద్రంలో పెట్టిన ఖర్చునూ దక్కిన ప్రాణాలనూ తూచే సర్కారు కంప్యూటరు దక్షతాదర్పణం ఆ కేసును చూసింది. ఒక ప్రాణం, యంత్రం ఖర్చు సున్నా. దాన్నే అందరికీ ప్రమాణం చేసింది. నెల తిరక్కుండా 412 కేంద్రాల్లోని ఊపిరియంత్రాలు మిగులు సరుకు కింద వెనక్కి వెళ్లాయి. కొత్త సంచులు వచ్చాయి. పట్టిన చేతిని అవి గుర్తుపడతాయి. ఒక్కసారి పిండితే పేరు చేతుల జాబితాలోకి ఎక్కుతుంది. పిలిచిన చోటికి వెళ్లాలి. వెళ్లకపోతే ఇంటిల్లిపాదికీ వైద్యం రద్దు. జాబితాలో మొదట ఎక్కింది ఆ నలభై మందే.

"నా ఊపిరి నువ్విచ్చిందే సిస్టరమ్మా, కాదన్ను," అన్నాడు బుద్రు. "నాను ఎక్కితే నా పిల్లల్ని ఎవులు సూస్తారు?"

"పిండించుకున్నోడివి ఊళ్లో మిగిలావు. పిండినోళ్లు ఊళ్లంట పోయారు. తూ!" అంది ముసలామె.

ఆమె కొడుకు చిన్నయ్య ఆ నలభై మందిలో ఒకడు. పార్వతి భర్త. రెండు రోజుల కిందట జామిగుడ కేంద్రానికి పిలుపొచ్చి వెళ్లాడు.

నాలుగింటికి దమయంతి కుడి చెయ్యి ముడుచుకోలేదు. మోచేత్తో నొక్కింది.

4.55కి ఫోన్ మోగింది. చిన్నయ్య ఫోన్‌ను మంచం మీద పెట్టి, రెండు చేతులా ఎవరికో సంచి పిండుతూ మాట్లాడుతున్నాడు. అతన్ని మార్చడానికి ఆ గదిలో రెండో మనిషి లేడు.

"సిస్టరమ్మా, దానికి ఊపిరాడతందా?"

ముసలామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఆడుతోంది," అంది దమయంతి. "నీ దగ్గరున్నాయనకో?"

"నాను పిండితే ఆడతంది. వొదిలేసి వొచ్చేనా?"

"వదలకు చిన్నయ్యా. ఇక్కడ చేతులున్నాయి."

జామిగుడ రోగి 7.10కి సొంతంగా ఊపిరి తీసుకున్నాడు. చిన్నయ్య 7.11కి బూరుగుపాడు బయల్దేరాడు.