తక్కువ కౌంట్

ఇబ్రహీంపట్నం రింగ్ సెంటర్లో ఉదయం ఎనిమిదిన్నరకు కారు పేలినప్పుడు గంగాప్రసాద్ అందులో లేడు. రోడ్డు పక్క బండి దగ్గర రెండో ప్లేటు పునుగుల కోసం ఆగిపోయాడు. దేశానికి తీరప్రాంత రాడార్లు తయారుచేసే ఇంజనీరు ప్రాణాన్ని ఆ పూట పునుగులు కాపాడాయి.

"ప్రతిసారీ పునుగుల మీద ఆధారపడలేం," అంది నాగమల్లేశ్వరి.

ఆమె విజయవాడ సెక్షన్ చీఫ్. ఆఫీసు గవర్నర్‌పేటలో, బయటికి జెరాక్స్ షాపు. ముందు గదిలో నిజంగానే ఆధార్ కార్డులకు జెరాక్స్ తీస్తారు. వెనక గదిలో దేశ రహస్యాలుంటాయి. రెండు గదులకీ కలిపి ఒకటే ఏసీ. ఆమె ఎదురుగా కూర్చున్న ఆసిమ్‌కి నలభై ఒకటి. వన్ టౌన్‌లో తాళాలు బాగుచేసే ఇంట్లో పుట్టి, పదకొండేళ్లుగా సీక్రెట్ ఏజెంటుగా పనిచేస్తున్నాడు.

"ఎవరి పని మేడమ్?"

"విదేశీ ముఠా. మన రాడార్ నిలబడితే వాళ్ల పడవలు ఇటు రాలేవు. గురువారం గంగాప్రసాద్‌ని సముద్రం మీదుగా తరలిస్తాం. చల్లపల్లి దాటాక కాలవ గట్టున సగం మూతబడ్డ రొయ్యల ప్లాంటు ఒకటుంది. వెనకే రేవు. బోటు పన్నెండింటికి వస్తుంది. నువ్వు ముందెళ్లి ప్లాంటు క్లీన్‌గా ఉందో లేదో చూసి ఫోన్ చెయ్యి. నీ ఫోన్ వస్తేనే ఆయన కారు కదులుతుంది."

"లోపల మనవాళ్లు?"

"వినీల. రెండేళ్లుగా ముఠాలో మన మనిషి. పది రోజుల నించీ ఆ ప్లాంటుకి మేనేజర్ వేషంలో ఉంది."

"కోడ్?"

నాగమల్లేశ్వరి మొదటిసారి నవ్వింది. ఆమె పుట్టింది కైకలూరు చెరువుల మధ్య. "రొయ్యల బేరగాడిలా వెళ్తున్నావుగా, బేరమే మాట్లాడు. పెద్ద రొయ్య అంటే క్షేమం. చిన్న రొయ్య అంటే ప్రమాదం. కానీ పెద్దా చిన్నా అనకు, మా వైపు ఎవరూ అలా అనరు. కౌంట్ చెప్పు. కిలోకి ముప్పై తూగితే ముప్పై కౌంట్, అది పెద్ద రొయ్య. కిలోకి వంద తూగితే వంద కౌంట్, చిన్నది. కౌంట్ తగ్గేకొద్దీ రొయ్య పెద్దది. గుర్తుంటుందా?"

"ముప్పై అంటే ఆయన వస్తాడు. వంద అంటే రాడు."

"వంద అంటే ఆయన రాడు, మేం వస్తాం."

తర్వాత ఆమె సొరుగు లాగి ఒక పిస్టల్ బల్లమీద పెట్టింది. "పాయింట్ థర్టీ టూ, సెమీ ఆటోమేటిక్. లైసెన్స్ ఖాలిక్ సేఠ్ పేరు మీద. అంటే నీ పేరు మీద."

ఆసిమ్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "మరీ ఇంత చవకదా మేడమ్?"

"టెండర్లో ఎల్ వన్," అంది ఆమె. అందరికన్నా తక్కువ రేటు కోట్ చేసినవాడి సరుకు అని గవర్నమెంటు భాషలో దానర్థం.

చవకదైతేనేం, సొంతం. రెండు రోజులు కొండపల్లి వెనక రేంజ్‌లో ఆసిమ్ దానితో కాపురం చేశాడు. ట్రిగ్గర్ మహా మొండిది. తూటా ఎప్పుడూ ఎడమకి, కాస్త కిందికి పోయేది. కుడివైపు పైకి గురిపెడితే నల్లచుక్కలో దిగేది. మేగజైన్‌లో ఎనిమిది తూటాలు పడతాయి. కానీ ఎనిమిదీ నింపితే మొదటిది పేలేది, రెండోది సగం దారిలో ఇరుక్కుని స్లైడ్ నోరు తెరుచుకుని ఉండిపోయేది. తాళాల ఇంటి కొడుకు కాబట్టి విప్పి చూశాడు. స్ప్రింగ్ నాసిరకం. ఏడే పెట్టి కాల్చాడు. ఏడూ వరసగా పేలాయి. మొత్తం నూట నలభై రౌండ్లు కాల్చాక లెక్క తేలిపోయింది. ఏడు పెడితే ఒక్కసారీ అలగలేదు, ఎనిమిది పెడితే అలగని రోజు లేదు. అంత చవక వస్తువు మీద అంత ప్రేమ పుట్టినందుకు అతనికే సిగ్గేసింది.

"దీనికి కూడా తక్కువ కౌంటే మేలు మేడమ్," అని ఫోన్‌లో చెప్పాడు.

గురువారం పదింటికి ఖాలిక్ సేఠ్ ప్లాంటు ముందు కారు దిగాడు. తెల్ల లాల్చీ, గోరింటాకు పెట్టిన పెట్టుడు గడ్డం, పెళ్లివారిల్లంత అత్తరు. వరండాలో వినీల నిలబడి ఉంది. నల్ల కళ్లద్దాలు, నెమలికంఠం రంగు చీర, ముక్కు దగ్గర లేసు రుమాలు. ప్లాంటులో రొయ్యల వాసనకి ఎదురు నిలిచి గెలిచే సెంటు ఆమెది. ఆసిమ్ అత్తరు ఆమె ముందు తలవంచింది.

"ఉయ్యూరులో ఈ ఏడు చెరుకు ఎలా ఉందండీ?" అని అడిగాడు.

"తియ్యగానే ఉంది. చీమలే ఎక్కువ," అంది వినీల. కోడ్ సరిపోయింది.

ఆమె అన్నీ చూపించింది. రేవు ఖాళీ. గ్రేడింగ్ బల్లలు ఖాళీ. ప్యాకింగ్ హాల్లో ఇద్దరు కూలీలు. చివరికి కోల్డ్ రూమ్ తలుపు తెరిచి, "ఇదొక్కటీ చూసేస్తే తనిఖీ అయిపోయినట్టే సేఠ్ గారూ," అంది.

లోపల ఒక పెద్దావిడ ఐసుగడ్డలైపోయిన రొయ్యల బ్లాకులు సర్దుతోంది. ఆసిమ్ రెండడుగులు వేశాడు. నడుం దగ్గర లాల్చీ కింద ఏదో కదిలినట్టయింది. వెనక్కి తిరిగేలోపు వినీల ఒక తోపు తోసింది. పిస్టల్, ఫోన్, విడి తూటాలున్న నడుం సంచీ ఆమె చేతికి పోయింది, తలుపు మూసుకుంది.

మైనస్ పద్దెనిమిది డిగ్రీలు.

లాల్చీ గుండీలో ఆఫీసు ఇచ్చిన ట్రాన్స్‌మిటర్ ఉంది. నొక్కాడు. జానెడు మందం గోడల్లోంచి దాని కూత బయటికి పోదని ఎర్రలైటు చెప్పింది. తలుపు దగ్గరికి పరుగెత్తాడు. లోపలినించి తెరిచే పిడి ఉండాల్సిన చోట నాలుగు స్క్రూ కన్నాలున్నాయి. తాళం ఉంటే తీసేవాడు. లేని తాళాన్ని వాళ్ల నాన్న కూడా తీయలేడు.

"ఆమెగారు తలుపేసేసిందేంటయ్యా?" అంది పెద్దావిడ. పేరు ఆదెమ్మ. సముద్రం ఒడ్డు ఊరు, నలభై ఏళ్లుగా రొయ్యల పని. రెండు నిమిషాల పనే కదా అని స్వెట్టర్ బయట కొక్కేనికి తగిలించి వచ్చింది.

ఆసిమ్ గడ్డం పీకేసి ఉన్నమాట చెప్పాడు. తనెవరో, ఎవర్ని కాపాడాలో, వినీల ఎటు తిరిగిందో అన్నీ. లాల్చీ విప్పి ఆవిడకి కప్పాడు. బనీనులో అతనికి చలి ఎముకల్లోకి దిగింది.

"నాకు ముందే తేడాగా అనిపించింది బాబూ," అంది ఆదెమ్మ, పళ్లు టకటకలాడుతుంటే. "మేనేజరమ్మంట. పది రోజుల్లో మా షెడ్డులోకి ఒక్కనాడు అడుగెట్టలా. కంపంట. రొయ్య మొహమే చూడని మేనేజరెక్కడైనా ఉంటదా?"

ఇరవై నిమిషాలకి ఆవిడ మాటలు తగ్గాయి. పెదాలు నీలంగా మారాయి. "నిద్దరొస్తంది బాబూ," అంది. ఆసిమ్‌కి భయమేసింది. తన కోసం కాదు. ఈ చలిలో నిద్రపోయినవాళ్లు లేవరని అతనికి తెలుసు. ఆవిడ చేతులు పట్టుకుని రుద్దాడు. గోడలు దగ్గరికి జరుగుతున్నట్టు అనిపించింది.

తలుపు తెరుచుకుంది. గడపలో వినీల, ఆమె వెనక ప్యాకింగ్ హాలు కూలీలిద్దరూ. ఇప్పుడు వాళ్ల చేతుల్లో రైఫిళ్లున్నాయి. వినీల ఆసిమ్ పిస్టల్ మేగజైన్ బయటికి లాగి చూసింది.

"ఏడే పెట్టావేంటి? మీ ఆఫీసువాళ్లు తూటాలకి కూడా కోత పెడుతున్నారా?" అతని దగ్గర లాక్కున్న విడి తూటాల్లోంచి ఎనిమిదోది తీసి బొటనవేలితో బలంగా లోపలికి తోసింది. ఆసిమ్ ఆ తూటా లోపలికి పోయేదాకా చూశాడు.

"పథకం సింపుల్," అంది వినీల. "గంగాప్రసాద్ వస్తాడు. నీ పిస్టల్‌తో ఆయన పోతాడు, అదే పిస్టల్‌తో నువ్వూ పోతావు. లైసెన్స్ నీ పేరు మీద. రొయ్యల బేరంలో గొడవని పేపర్లో వస్తుంది. ఇదిగో నీ ఫోన్. పెద్ద రొయ్యంటే క్షేమం, కౌంట్‌లో చెప్పాలి. ఆ మాత్రం నాకు తెలిసింది. చెప్పు."

"చెప్పకపోతే?"

"తలుపు మళ్లీ మూస్తాను. నువ్వు ఇంకో గంట ఆగుతావేమో. ఆవిడ ఆగదు."

ఆసిమ్ ఆదెమ్మ వంక చూశాడు. లాల్చీలో ముడుచుకుని కళ్లు మూస్తూ తెరుస్తూ ఉంది. పదకొండేళ్లలో తన చావుకి చాలాసార్లు సిద్ధపడ్డాడు. పక్కవాళ్ల చావుకి ఎలా సిద్ధపడాలో ఏ ట్రైనింగ్‌లోనూ చెప్పలేదు. అతని లోపల ఏదో విరిగిపోయింది.

"ముప్పై కౌంట్ అని చెప్తాను," అన్నాడు. అది ఎత్తు కాదు, నాటకం కాదు. నిజంగానే ఓడిపోయాడు.

వినీల కళ్లద్దాలు తీసి అతన్ని పరీక్షగా చూసింది. తర్వాత నవ్వింది.

"ముప్పయ్యా? ఎంత తెలివి! పెద్ద రొయ్యకి చిన్న నంబరు చెప్పి మీ మేడమ్‌ని హెచ్చరిద్దామనా? నా దగ్గరా నీ వేషాలు? వంద అను. వంద కౌంట్."

ఆసిమ్ మొహంలో ఏమీ కనిపించనివ్వకుండా తల దించుకున్నాడు.

అప్పుడు ఆదెమ్మ తలెత్తింది. చలికి లొంగింది కానీ నలభై ఏళ్ల పనితనం ఆ మాటకి లొంగలేదు. "వంద కౌంట్ పెద్ద రొయ్యేంటమ్మా! వందంటే..."

ఆసిమ్ ఆవిడ కాలు గట్టిగా తొక్కాడు.

"అమ్మో!"

"కాళ్లు తిమ్మిరెక్కాయి, తూలాను," అని వినీలకి చెప్పి ఫోన్ అందుకున్నాడు. స్పీకర్ ఆన్‌లో ఉంది.

"మేడమ్, ఖాలిక్‌ని. సరుకు చూశాను. వంద కౌంట్."

అటువైపు కుర్చీ కిర్రుమంది. "వందేనా? సరిగ్గా చూశావా?"

"వందే మేడమ్."

"సరే. బండి పంపిస్తున్నా."

వినీల తృప్తిగా ఫోన్ లాక్కుంది.

"చెప్పానుగా, ఆవిణ్ని బయటికి పంపు!" అని అరిచాడు ఆసిమ్.

"పంపుతానని నేనన్నానా?" తలుపు మళ్లీ మూసుకుంది.

"కాలెందుకు తొక్కావయ్యా?" అని ఆదెమ్మ కోపంగా అడిగింది. ఆ కోపం ఆవిడ నిద్ర మత్తు వదిలించింది. ఆసిమ్ చెవిలో సంగతంతా చెప్పాడు. ఆవిడ రెండు క్షణాలు ఆలోచించి, పళ్లు కొట్టుకుంటుండగానే పకపకా నవ్వింది.

"అయితే మీవోళ్లొస్తారు. అప్పటిదాకా కూచుంటే చస్తాం. లెగు. ఆ మూల బ్లాకులన్నీ ఈ మూలకి మార్చు."

మార్చారు. ఒక్కొక్కటి రెండు కిలోలు. ఈ మూలకి వచ్చాక మళ్లీ ఆ మూలకి మార్చారు. సర్దడం వంకరగా ఉందని ఆదెమ్మ రెండుసార్లు తిట్టింది. వేళ్లకి స్పర్శ పోయింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు. నాగమల్లేశ్వరికి అర్థం కాలేదేమో, నిజంగానే గంగాప్రసాద్‌ని పంపిందేమో అనే అనుమానం ఆసిమ్‌ని చలి కన్నా ఎక్కువగా కొరికింది. ముప్పై అన్నది తన నోరే. ఆ సంగతి బ్లాకు ఎత్తిన ప్రతిసారీ గుర్తొచ్చింది.

పదకొండూ యాభైకి బయట తుపాకులు మోగాయి. పరుగులు, కేకలు. తలుపు దడాలున తెరుచుకుంది. వినీల ఒక్కతే, జుట్టు చెదిరిపోయి, చేతిలో ఆసిమ్ పిస్టల్‌తో నిలబడి ఉంది.

"కారు రాలేదు. కమాండోలు వచ్చారు. నేను చెప్పమన్నట్టే చెప్పావుగా! వందంటే..."

"చిన్న రొయ్య," అంది ఆదెమ్మ.

వినీల ఆసిమ్ గుండెకి గురిపెట్టి కాల్చింది. తూటా తన అలవాటు ప్రకారం ఎడమకి, కాస్త కిందికి పోయింది. అతని పక్కటెముకల మీద చర్మం గీరుకుని వెనక అట్టపెట్టెలో దిగింది. ఆమె మళ్లీ ట్రిగ్గర్ నొక్కింది. పిస్టల్ పలకలేదు. రెండో తూటా సగం దారిలో ఇరుక్కుని, స్లైడ్ నోరు తెరుచుకుని ఉంది. వినీల ప్రొఫెషనల్. దాన్ని సరిచేయడానికి ఆమెకి రెండు సెకన్లు చాలు. ఆదెమ్మకి ఒకటే పట్టింది. చేతిలో ఉన్న బ్లాకుని విసిరింది. అది వినీల నుదుటికి తగిలింది. నెమలికంఠం చీర కుప్పకూలింది.

ఆ వేళకి గంగాప్రసాద్ మరో రేవులో బోటెక్కుతున్నాడు. చేతిలో పునుగుల పొట్లం ఉందని తర్వాత తెలిసింది.

మర్నాడు జెరాక్స్ షాపు వెనక గదిలో నాగమల్లేశ్వరి తాను రాసిన రిపోర్టు చదివింది. "శత్రువు అనుమానాన్ని వాడుకుని ఏజెంటు ఆమె చేతే ప్రమాద సంకేతం చెప్పించాడు. మెడల్‌కి రాయొచ్చు."

"అది నిజం కాదు మేడమ్," అన్నాడు ఆసిమ్. "నేను నిజంగానే ముప్పై చెప్పబోయాను. ఆదెమ్మ చచ్చిపోతుందనిపించింది. గంగాప్రసాద్‌ని అమ్మేశాను. వినీలకి రొయ్య తెలియకపోబట్టి సరిపోయింది."

ఆమె రిపోర్టు బల్లమీద పెట్టింది. "ఫోన్‌లో నీ గొంతు విన్నప్పుడే అనుకున్నా," అంది. తర్వాత మెడల్ వాక్యం ఉన్న కాగితం చించి బుట్టలో వేసింది. "ఉద్యోగం ఉంది. మెడల్ లేదు. సరేనా?"

"సరే మేడమ్." గుండె మీంచి బరువు దిగింది. "మరి కొత్త పిస్టల్?"

"టెండర్ పిలవాలి. మూడేళ్లు పడుతుంది. అప్పటిదాకా ఏడే పెట్టుకో."

సాక్షి సంతకం కోసం ఆదెమ్మని పిలిపించారు. ఆసిమ్ ఆవిడకి రిపోర్టు చదివి వినిపించాడు. 'వంద కౌంట్ రొయ్యల బ్లాకుతో' అన్న దగ్గర ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"తప్పు రాశారు బాబూ. అది ముప్పై కౌంట్. వంద కౌంట్‌తో కొడితే ఆమెగారికేం తగులుద్ది?"

రెండు కిలోల బ్లాకు ఏ కౌంటైనా రెండు కిలోలే. ఆ సంగతి ఆసిమ్‌కి తెలుసు. కానీ తొక్కించుకున్న కాలితో ఆవిడ ఇంకా కుంటుతూనే ఉంది కాబట్టి, నోరు మూసుకుని వంద కొట్టేసి ముప్పై అని రాశాడు.