ఐలేశం నెత్తురు

పట్టుదల అనండి, పిచ్చి అనండి, అమరేందర్‌కు నెత్తురే లోకం. నెత్తురు క్యాన్సర్ మీద పరిశోధన అతని పని. ఒంట్లోకి ఏ పరాయిది చొరబడినా పసిగట్టి మట్టుపెట్టే తెల్లకణాలు ఈ ఒక్క జబ్బు దగ్గర మాత్రం ఎందుకు గుడ్డివవుతాయి? హైదరాబాదులో ఉన్నన్నాళ్లూ అతనికి అదొక చదువు. చెల్లెలు కృష్ణమ్మకే ఆ జబ్బని తేలాక, ఆ చదువు కాస్తా గుండెకోత అయింది. పెద్ద డాక్టర్లు చేతులెత్తేస్తే, ఆమెను నల్లగొండలో తన కిరాయి ఇంటికి తెచ్చుకున్నాడు.

అది అరవై మూడో సంవత్సరం వానాకాలం. మోత్కూరు దగ్గర ఐలేశం అనే గొర్లకాపరి సంగతి అప్పుడే అతని చెవిన పడింది. వాడిదీ అదే జబ్బు. రేపో మాపో అనుకున్నవాడు ఏ మందూ లేకుండా లేచి తిరుగుతున్నాడట. వాడిని బతికించినదేదో వాడి నెత్తురులోనే ఉండాలి. అది కృష్ణమ్మకు ఎక్కిస్తే? అమరేందర్ ఇంక ఆగుతాడా! సీసాలు, సూదులు సర్దుకుని జీపెక్కాడు.

చేరేసరికి పొద్దు గుంకుతోంది. ముసురు పట్టి, దీపాల వేళకు ముందే చీకటి కమ్మేసింది. తడిసిన ఉన్ని వాసన, పెంటికల వాసన గాలిలో ముద్దగా నిలిచి ఉన్నాయి. ఐలేశం నవ్వుతూ ఎదురొచ్చి, అడగ్గానే చెయ్యి చాపాడు. నెత్తురు ఎందుకని కూడా అడగలేదు. సూది గుచ్చుతూ వంగినప్పుడు అమరేందర్‌కు ఒకటి తట్టింది. పుట్టినప్పటి నుంచి గొర్ల మధ్య బతికిన మనిషి... ఒంటి మీద ఏ వాసనా లేదు. చెమట వాసన కూడా.

సీసా నిండింది. ఐలేశం లేచి దొడ్డి పక్కగా నడిచాడు. లోపలి గొర్లన్నీ ఒరుసుకుంటూ అవతలి మూలకు జరిగాయి. ఒక్కటీ అరవలేదు.

వాడి తల్లి బీరమ్మ జీపు దాకా వెంట వచ్చింది.

“సారూ... గా నెత్తురు ఎవ్వలకు ఎక్కియ్యకు.”

“ఎందుకవ్వా? నీ కొడుకు బాగైండు గద.”

ఆమె గొంతు తగ్గించింది. “పిల్ల సచ్చిన గొర్రె ఉంటది సూడు... గా సచ్చిన పిల్ల తోలు తీసి, తల్లి లేని పిల్లకు కప్పుతం. గొర్రె వాసన సూసి, నాదే అనుకోని పాలిస్తది. గిదీ గట్లనే సారూ... తోలు నా కొడుకుదే.”

“మరి లోపల?”

బీరమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వెనక్కి తిరిగింది.

జీపు ఎక్కబోతూ అమరేందర్ ఆగాడు. అయినవాడి తోలు కప్పుకుని వచ్చే పరాయిది... ఇన్నేళ్లుగా తను వెతుకుతున్నదీ అదే కదా! కానీ ఇంట్లో చెల్లెలి ప్రాణం కొట్టుమిట్టాడుతోంది. ముసలామె చాదస్తమని కొట్టిపారేసి జీపు తీశాడు.

ఇంటికి రాగానే ఇద్దరి నెత్తురూ గాజుపలక మీద చుక్క చుక్క కలిపి, మైక్రోస్కోపు కింద పెట్టాడు. పడని నెత్తురైతే ముద్ద కడుతుంది. కట్టలేదు. హమ్మయ్య అనుకుంటూ మళ్లీ కన్నానించాడు.

చెల్లెలి తెల్లకణాలు కదులుతున్నాయి. పరాయిది కనబడితే మీద పడాల్సినవి... వెనక్కి పోతున్నాయి. అన్నీ. చుక్క అంచుకు చేరి... ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ...

అమరేందర్ సీసా పారబోద్దామని లేచాడు.

పక్క గదిలోంచి సన్నగా వినిపించింది. “అన్నా... నాకు బతకాల్నని ఉన్నదే...”

ఆ మాట విన్నాక ఏ అన్న మనసు రాయి చేసుకోగలడు? సీసా తగిలించాడు.

తెల్లారేసరికి జ్వరం దిగింది. వారం తిరిగేసరికి కృష్ణమ్మ లేచి కూర్చుని, అన్నం అడిగి మరీ తిన్నది. చెంపలకు రంగొచ్చింది. పరీక్షిస్తే నెత్తురులో జబ్బు జాడే లేదు. అమరేందర్ పట్టలేని సంతోషంతో ఆమె చెయ్యి పట్టుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చేశాడు.

ఆమె కాసేపు అతన్ని వింతగా చూసింది. తర్వాత ముందుకు వంగి, ఎవరూ వినకూడదన్నట్టు గుసగుసగా అంది.

“లోపల ఒక పిల్ల ఏడుస్తాంది. నీ దిక్కే సూస్తాంది... అన్నా, అన్నా అంటాంది.”

అమరేందర్ పట్టుకున్న చెయ్యి వదిలేశాడు.

“నువ్వేనా దాని అన్నవు?” అంది ఆమె. “ఊకుండమని చెప్పాల్నా?”