గుంట తీసిన సానరాయి

మా రైల్వే ఊళ్లో మలంచా రోడ్డు మీద నాది ఒక్క కుర్చీ సెలూను. అక్కడ అన్నీ బ్లేడు మార్చే కత్తులే. ఒక గడ్డానికి ఒక బ్లేడు, ఆ తర్వాత చెత్తబుట్ట. కత్తి నూరడం నేనెప్పుడూ నేర్చుకోలేదు. తబితని ప్రేమించేదాకా ఆ అవసరమూ రాలేదు.

తబిత నాన్న సమూయేలు గారు రైల్వే గార్డుగా చేసి రిటైరయ్యారు. నిమ్‌పురాలో యార్డు పక్కనే ఇల్లు. ఆదివారం గుడికి నున్నటి మొహంతో వెళ్లాలని శనివారం సాయంత్రమే తెల్లగడ్డం గీయించుకుంటారు. అదీ వాళ్ల నాన్న నాటి మడత కత్తితోనే. ఆయన చేతులు వణకడం మొదలయ్యాక ఆ పని నేనే అడిగి తీసుకున్నాను. టీ గ్లాసు అందిస్తూ తబిత తన వేళ్లు తాకనిచ్చే ఆ ఒక్క క్షణం కోసం వారమంతా బతికేవాణ్ణి.

"మామయ్యా, తల కొంచెం వెనక్కి" అన్నాను మొదటిసారి.

"అంకుల్ అను. మామయ్యకి ఇంకా సిగ్నలు పడలేదు" అన్నారాయన. "ఈ కత్తితో ఒక్క ఎంట్రుక లాక్కుండా గీసినావంటే పెళ్లి మాట పాస్టరు గారితో నేనే ఎత్తుతాను. అంతవరకు తబిత నీకు సిస్టరే."

కత్తి లాగింది. వారం వారం లాగింది. గోల్ బజారులో కొన్న సానరాయి గరుకుది, వంటింటి కత్తులకి పనికొచ్చేది. దాని మీద నూరితే అంచుకి రంపం పళ్లు లేచాయి. ఫోనులో ఆర్డరు పెట్టి తెప్పించిన ఇంకో రాయి నున్నగానే ఉంది కానీ మధ్యలో పల్లం. రాయి చదునుగా లేకపోతే కత్తి అంచు పొడవునా ఆనదు. ఒక చోట తెగుతుంది, ఒక చోట మొద్దుగా ఉండిపోతుంది. ఆ సంగతి నాకు అర్థమయ్యేసరికి సమూయేలు గారి చెంప మీద గాట్లు పడ్డాయి.

"నానేటి బంగాళాదుంపనా, తొక్క తీస్తన్నావు!"

నాకు ఏడుపొచ్చేది. కులం కాదు, డబ్బు కాదు, నా ప్రేమకి అడ్డం ఒక రాయి! ఛీ, ఏం బతుకు!

ఒక శనివారం కాలబైశాఖి గాలివాన ముసురుకుంది. సాయంత్రం కాకుండానే ఇల్లంతా చీకటి. గాలి ఆగిపోయింది. యార్డులో ఇంజనొకటి సన్నగా కూసి ఊరుకుంది. ఇంతలో కరెంటు పోయింది. సమూయేలు గారు మొహం మీద వేడి తువ్వాలు కప్పుకుని కుర్చీలో వెనక్కి వాలి ఉన్నారు. తబిత కొవ్వొత్తి కోసం వీధి చివరి కొట్టుకి పరిగెత్తింది.

నేను కొత్తగా తెచ్చిన రాయి కూడా దండగే. కత్తి నా ముంజేతి మీద వెంట్రుకని కూడా కొయ్యడం లేదు. విసుగొచ్చి ఫోను లైటు వేసి చుట్టూ చూశాను. పోయినేడాది చనిపోయిన తబిత అమ్మ ఎలీసమ్మ గారి ఫొటో కింద తెల్ల చేతిరుమాలు మూట ఒకటి కనిపించింది. విప్పాను. అరచేతిలో పట్టే నల్లటి రాయి. ఎంత నునుపు! అచ్చం చెంపలాగా. మధ్యలో మాత్రం చిన్న గుంట.

"అంకుల్, ఈ రాయి తీసుకోనా?"

తువ్వాలు కింద నుంచి "ఊఁ" అన్నారు. అన్నారనే అనుకున్నాను.

పెరట్లో గచ్చు మీద ఇసకా నీళ్లూ పోసి, ఆ గుంట పోయేదాకా రాయిని రుద్దాను. బూడిద రంగు పేస్టు వచ్చింది. దాంతోపాటు ఒక వాసన... రజనీగంధ పూల వాసన. చుట్టుపక్కల పూలేవీ లేవు. అయినా నాకు బాగుంది, పెళ్లి మండపంలో ఉన్నట్టు అనిపించింది.

రాయి మీద నీళ్లు చల్లి కత్తిని పడుకోబెట్టాను. అంచు ముందుకు, బరువు వెయ్యకుండా. చివరికి వచ్చాక వీపు మీద తిప్పి మళ్లీ వెనక్కి. సర్... సర్... ప్రతి సర్‌కీ మధ్య ఇంకో చిన్న చప్పుడు. ఎండిన పెదాలు విడివడినట్టు. చెయ్యి ఆపాను.

చిన్న చప్పుడు ఆగలేదు. ఇంకోసారి వినిపించి... అప్పుడు ఆగింది.

గాలేమో అనుకున్నాను. ముంజేతి మీద కత్తి ఆనీ ఆనకముందే వెంట్రుకలు రాలాయి మరి! ఇంకేం ఆలోచిస్తాను?

లోపలికి వచ్చి, ఫోను లైటు పక్కన ఆనించి, తువ్వాలు తీసి, నురగ పట్టించి, రెండు చెంపలూ గీశాను.

"అబ్బ... ఇదిరా జెఫ్రీ! కత్తున్నాదో లేదో తెల్దు. రేపే పాస్టరు గారితో..."

మాట మధ్యలో ఆగింది. అప్పుడే నేను బొటనవేలితో ఆయన గడ్డం ఎత్తాను. చల్లగా ఉంది. దవడ నెమ్మదిగా కిందికి జారింది. ఇంకా... ఇంకా జారింది.

"మూయండి అంకుల్."

మూయలేదు. కళ్లు మాత్రం నన్నే చూస్తున్నాయి. వాటిలో భయం.

తబిత కొవ్వొత్తితో వచ్చి, విప్పిన చేతిరుమాలు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"దీన్నెవలు ఇప్పినారు?" గుసగుసగా అంది.

"నేనే. సానకి..."

"అమ్మ నోరు తెరుసుకుని పోయింది జెఫ్రీ. గుడ్డతో కట్టినా మూసుకోలేదు. పలాస నుంచి సుట్టాలు వొచ్చేవరకు ఈ రాయే గెడ్డం కింద ఆనించినారు. ఇదొక్కటే నోరు మూసి ఆపింది."

ఆ రాయి లాక్కుని తండ్రి గడ్డం కింద పెట్టి నొక్కింది. జారిపోయింది. మళ్లీ పెట్టింది. మళ్లీ జారింది. వేలితో రాయిని తడిమింది.

"గుంటేది?"

నేను పెరట్లో గచ్చు వైపు చూశాను.

"గెడ్డం కూకునే గుంట... ఏది జెఫ్రీ?"

"చదును చేసేశాను."

అప్పుడు తెరుచుకున్న ఆ నోట్లోంచి, నాలుక కదలకుండా, ఒక ఆడగొంతు వచ్చింది. చాలా రోజులుగా దాహంతో ఉన్న గొంతు.

"అల్లుడూ..."

దవడ తప్పిందన్నాడు డాక్టరు. పెద్దవాళ్లలో మామూలేనట. సరిచేసి పంపించాడు. సమూయేలు గారు అన్నంత పనీ చేశారు. పాస్టరు గారితో మాట్లాడారు. మొన్న గుడిలో మా పెళ్లి మొదటి ప్రకటన చదివారు. తబిత సిగ్గుపడి నవ్వింది. ఆ సాయంత్రం మాట మేమిద్దరం ఎత్తలేదు. నేను కోరుకున్నదంతా దొరికింది. మరెందుకు నాకీ చిరాకు, ఈ నిద్రలేమి?

ఇవాళ మధ్యాహ్నం ఆయన ఒక్కరే నా సెలూనుకి వచ్చారు. కుర్చీలో కూర్చుని తల వెనక్కి వాల్చారు. దవడ తప్పాక ఆయనకి గీయడం ఇదే మొదటిసారి. నురగ పట్టించి గీశాను. కత్తికి ఒట్టి నురగే వచ్చింది. మళ్లీ గీశాను. ఒక్క వెంట్రుక లేదు. ఆ శనివారం నుంచి ఆయన గడ్డం మొలవనే లేదు.

ఆయన నవ్వి, జేబులోంచి చేతిరుమాలు తీసి, రాయిని నా అరచేతిలో పెట్టారు.

చురుక్కున గుచ్చుకుంది.

కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుగులో చూశాను. నేను చదును చేసిన చోట, నల్లటి రాయి నిండా, తెల్లటి పొట్టి గడ్డం మొలిచి ఉంది.