ఏడో నెల పరీక్ష

బిడ్డ ఏడవలేదు.

అమలాపురం నర్సింగ్‌హోములో ప్రసవం గది తలుపు బయట వీరవేణి ఆ ఏడుపు కోసమే చెవులు రిక్కించి నిలబడింది. లోపల కూతురు దుర్గాశ్రీ నొప్పుల కేకలు ఆగిపోయాయి. ఇక వినిపిస్తుంది, ఇదిగో ఇప్పుడు వినిపిస్తుంది అనుకుంది... ఏదీ? పైన ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. కాసేపటికి లోపలి నుంచి ఏడుపు వచ్చింది గానీ అది పసిబిడ్డది కాదు, తను కన్న బిడ్డది. ఆ గొంతు వినగానే వీరవేణి గోడకు చేరగిలబడిపోయింది.

ఎనిమిదో నెల నిండుతుండగా పుట్టిన ఆడపిల్ల. ఒత్తయిన జుట్టు, పొడవాటి వేళ్లు, తాతగారి ముక్కు... అన్నీ ఉన్నాయి, ఊపిరి ఒక్కటే లేదు! వీరవేణి భర్త కనకరాజు ఆ పసిగుడ్డును తువ్వాలులో చుట్టి, ఎవరి చేతికీ ఇవ్వకుండా, రాజోలు దగ్గరున్న తమ ఊరి దాకా ఒళ్లోనే పెట్టుకుని తీసుకెళ్లాడు. సొంత కొబ్బరితోటలో కాలవగట్టు వారగా తనే గొయ్యి తవ్వాడు. పాలేరు పార అందుకోబోతే ఇవ్వలేదట. ఇంటికి వచ్చి స్నానం చేసి, తడిబట్టలతోనే అరుగు మీద చాలాసేపు కూర్చున్నాడట.

ఇక్కడ ఆస్పత్రిలో, మర్నాడు పొద్దున డాక్టరమ్మ దుర్గ భర్తను లోపలికి పిలిచింది. ఆవిడ పిలిచింది నాగసతీష్‌ను ఒక్కణ్ణే. కానీ వీరవేణి కూడా వెనకాలే వెళ్లి కూర్చుంది. సతీష్ ఆమెకు అల్లుడే కాదు, తోడబుట్టిన తమ్ముడు కూడా. వాడికి నడక రాకముందే తల్లి పోతే, తన కాపురానికి వస్తూ చంకనేసుకుని తెచ్చుకుంది. బడిలో వేసింది, అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారంలో పెట్టించింది, చివరికి కూతుర్నిచ్చి పెళ్లి చేసింది. బయటి సంబంధమైతే కుర్రాడి అలవాట్లేమిటి, తిరుగుళ్లేమిటి అని ఊరంతా వాకబు చేసుకోవాలి, ఇంట్లోవాడైతే ఆ బాధే లేదని పెళ్లిలో నలుగురికీ చెప్పుకుని మురిసిపోయింది. వాడికి సంబంధించిన ఏ విషయానికైనా అక్క వెనక ఉండాల్సిందే, వాడి ముప్పయ్యో ఏట కూడా!

డాక్టరమ్మ ఒక్క క్షణం ఆమె వంక చూసింది. అక్క ఉండొచ్చునా అని సతీష్‌ను అడిగితే వాడు తలూపాడు. దుర్గ రక్తంలో సిఫిలిస్ ఉందనీ, సుఖవ్యాధుల్లో అదొకటనీ, కడుపులో బిడ్డకు పాకి ప్రాణం తీసిందనీ ఆవిడ నెమ్మదిగా చెప్పింది. మూడో నెలలో చేసిన పరీక్షలో లేదు కాబట్టి ఆ తర్వాతే వచ్చి ఉంటుందంది. సతీష్ కూడా పరీక్ష చేయించుకోవాలి, ఇద్దరికీ మందుంది, పెన్సిలిన్ ఇంజెక్షన్లతో నయమయ్యే జబ్బే, ముందుగా తెలిసి ఉంటే బిడ్డ కూడా దక్కేదే అంది.

వీరవేణికి కూతురి ఏడో నెలలో ఇదే గదిలో, ఇదే కుర్చీలో కూర్చుని తను అన్న మాటలు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. ఆ రోజు డాక్టరమ్మ రక్తపరీక్ష మరోసారి చేద్దామంది. సతీష్‌ది కూడా చూద్దాం, కాయల లోడ్లతో ఊళ్లు తిరిగే మనిషి కదా, మొదట్లో ఒకసారి బాగుందని ఊరుకోకూడదు అంది. దుర్గ చెయ్యి చాపబోయింది కూడా. తనే ఆ చెయ్యి పట్టుకుని లేవదీసింది.

"మా అల్లుడు పరాయివాడు కాదండీ, నా తమ్ముడండీ. నా చేతుల్లో పెరిగేడండీ. ఆడి రక్తం ఎలాంటిదో నాకు తెలీదాండీ?" అంది. తల్లి మాటకు ఎన్నడూ ఎదురుచెప్పని దుర్గ మారుమాట్లాడకుండా వెంట నడిచింది. బయటికి వచ్చాక కూడా వీరవేణి సణుగుతూనే ఉంది... సంసారుల్ని పట్టుకుని ఎలాంటి పరీక్షలు అడుగుతున్నారో చూశావా అని!

గది బయటికి రాగానే సతీష్ అక్క కాళ్ల దగ్గర కూలబడ్డాడు. పుష్యమాసంలో కాయల లోడుతో గుజరాత్ వెళ్లి నెల్లాళ్లు అక్కడి మార్కెట్లో ఉండిపోయాడు కదా, అప్పుడు జరిగిందట. తోటి వ్యాపారులతో కలిసి ఒక రాత్రి ఎక్కడికో వెళ్లాడట. వెనక్కి వచ్చాక చిన్న పుండు కనిపించిందట.

"నొప్పి లేదక్కా. వేడి చేసిందనుకుని రోజూ బొండాలు తాగేను. కొన్నాళ్లకి దానంతటదే మానిపోయింది. పోయిందిలే అనుకున్నాను. ఇలాగవుద్దని నాకు తెలీదక్కా..."

మానిపోయింది! వీరవేణికి మాఘమాసం చివర్లో కూతురి అరచేతుల్లో వచ్చిన ఎర్రటి మచ్చలు కళ్ల ముందు ఆడాయి. అప్పుడు తనూ అదే మాట అనుకుంది. కడుపుతో ఉన్నపిల్ల, వేడి చేసిందని బార్లీ నీళ్లు కాచి, తోటలో లేత బొండాలు దింపించి తాగించింది. అవీ వాటంతటవే పోయాయి. పోయాయని సంబరపడింది కూడా!

"దుర్గకి చెప్పకక్కా. ఇంజెక్షన్లేవో చేయించేద్దాం. తెలిస్తే అది నా మొహం చూడదు" అని వాడు పాదాలు వదల్లేదు. చిన్నప్పుడు జ్వరమొచ్చినా, దెబ్బ తగిలినా అలాగే చుట్టుకునేవాడు. వీరవేణి చెయ్యి తనకు తెలియకుండానే వాడి తల మీదికి వెళ్లింది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. కూతురికి నిజం చెబితే కూతురి కాపురమూ పోతుంది, తమ్ముడూ పోతాడు. చెప్పకపోతే... మందు ఉంది కదా, నయమవుతుంది కదా అని మనసుకు సర్దిచెప్పుకుంది. లోపలికి వెళ్లి, దుర్గ కాస్త తేరుకున్నాక తనే చెబుతానని డాక్టరమ్మను బతిమాలింది. రక్తంలో ఇన్ఫెక్షన్ ఉందని మాత్రం చెప్పి ఆవిడ దుర్గకు ఇంజెక్షన్ చేసింది. కుట్లు చూపించుకోడానికి వచ్చేలోగా మీరు చెప్పకపోతే నేను చెబుతాను, తెలుసుకోవడం ఆ అమ్మాయి హక్కు అంది. ఏ ఇన్ఫెక్షనో అడిగే ఓపిక దుర్గకు లేదు.

ఇంటికి తీసుకొచ్చాక మొదలైంది అసలు నరకం. పలకరించడానికి వచ్చిన కనకరాజు అక్క లక్ష్మీతులసి, మేనకోడలి పక్కన కూర్చుని ఏడ్చినంతసేపు ఏడ్చి, ఆ తర్వాత ఆరా తీయడం మొదలుపెట్టింది. బొప్పాయి తిన్నావా? బరువులెత్తావా? పున్నమినాడు గ్రహణం పట్టినప్పుడు కదలకుండా పడుకున్నావా? దుర్గ తలొంచుకుని, ఆ సాయంత్రం ఆకలికి ఆగలేక చాకుతో జామకాయ కోసుకున్నానని చెప్పింది. అదీ సంగతి అన్నట్టు లక్ష్మీతులసి నిట్టూర్చింది. అంతే, ఆ మాట దుర్గ గుండెలో దిగబడిపోయింది. ఎవరొచ్చినా అదే చెప్పేది. నేనే జామకాయ కోశానండీ, అమ్మ చెప్పినా వినలేదండీ... పక్క గదిలో వీరవేణి బియ్యం చేటలో పెట్టుకుని, ఏరిన బియ్యమే మళ్లీ ఏరుతూ అన్నీ వింటూ ఉండేది. నోరు తెరిస్తే తమ్ముడు గుర్తొచ్చేవాడు, మూసుకుంటే ఊపిరాడేది కాదు.

పాలు పడ్డాయి. తాగే బిడ్డ లేకపోతే పాలకేం తెలుసు? రొమ్ములు రాళ్లలా గట్టిపడి, రవికె తడిసిపోతూ దుర్గ మెలికలు తిరిగిపోయింది. పాలు ఇంకిపోతాయని పెద్దవాళ్లు చెబితే వీరవేణి మల్లెపూలు తెప్పించి గుడ్డలో పరిచి కట్టడానికి కూర్చుంది. ఆ మధ్యాహ్నం ఇంట్లో ఇంకెవరూ లేరు, కనకరాజు వాకిట్లో ఉన్నాడు. పూల వాసనకు కాబోలు దుర్గ ఒక్కసారిగా భోరుమంది. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని మంచం పట్టెకేసి బాదుకోసాగింది. ఈ చేత్తోనే కోశానమ్మా, ఈ చెయ్యే నా బిడ్డను చంపేసిందమ్మా అంటూ... గాజు పగిలి మణికట్టు నుంచి రక్తం కారింది.

వీరవేణి ఆ చేతిని పట్టుకుని గుండెకు అదుముకుంది. ఇక దాచలేకపోయింది. తమ్ముడు లేడు, పరువు లేదు, కాపురం లేదు... తన బిడ్డ చెయ్యి ఒక్కటే కనిపించింది.

"గ్రహణం కాదు తల్లీ. నువ్వు కాదు. నీ తప్పు ఆవగింజంత లేదు" అంది. ఆ తర్వాత అన్నీ చెప్పింది. గుజరాత్ సంగతి, పుండు సంగతి, జబ్బు పేరు. చెప్పక తప్పనిది ఇంకొకటి మిగిలింది. అది కూడా చెప్పింది. "ఏడో నెల్లో పరీక్ష చేయించుకుని ఉంటే దొరికిపోయేదంట. నీ చెయ్యి పట్టుకుని లేపింది నేనే కదా."

దుర్గ ఏడుపు ఆగిపోయింది. తల్లి మొహంలోకి చూసింది.

"నీకెప్పుడు తెలిసిందమ్మా?"

"ఆస్పత్రిలోనే."

"అయితే ఇన్ని రోజులూ నేనే చంపుకున్నానని ఏడుస్తుంటే... పక్కన కూచుని ఇన్నావా?"

దుర్గ చెయ్యి వెనక్కి తీసుకుని గోడవైపు తిరిగి పడుకుంది. ఆ రోజు నుంచి తల్లితో మాట్లాడటం మానేసింది. అన్నం పెడితే తినేది, మందు ఇస్తే వేసుకునేది. అమ్మా అన్న పిలుపు మాత్రం ఆ ఇంట్లో వినపడలేదు. వాకిట్లోంచి అన్నీ విన్న కనకరాజు భార్యను పల్లెత్తు మాట అనలేదు. ఒక్క మాట తిట్టినా బాగుండునని ఆమె ఎంత ఏడ్చిందో దేవుడికే ఎరుక!

కుట్లు చూపించాల్సిన రోజు పొద్దున్నే సతీష్ వచ్చాడు. అరుగు దిగువనే నిలబడిపోయాడు. ఎప్పుడూ ముందుకొచ్చి వాణ్ణి వెనకేసుకొచ్చే వీరవేణి గుమ్మంలోనే ఆగిపోయింది. వాడు అక్క వంక చూస్తే ఆమె తల తిప్పుకుంది. తను పరీక్ష చేయించుకున్నానని, ఇంజెక్షన్లు వేయించుకున్నానని, ఏ శిక్ష వేసినా పడతానని వాడే తడబడుతూ చెప్పుకున్నాడు. దుర్గ అంతా విని, అరవకుండా, తిట్టకుండా అంది.

"నాకు చెప్పి ఉంటే ఏం చేసేదాన్ని మావయ్యా? తిట్టేదాన్ని. ఏడ్చేదాన్ని. కొన్నాళ్లు నీతో మాట్లాడేదాన్ని కాదు. అంతే కదా. పిల్ల బతికేది."

సతీష్ రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. దుర్గ ఇప్పట్లో కాపురానికి అంబాజీపేట రానంది. ఎప్పటికీ రాననీ అనలేదు. ఇద్దరికీ పూర్తిగా నయమైందని డాక్టరమ్మ చెప్పాలని, ఆ తర్వాత కూడా తను అడగకుండానే ఎప్పటికప్పుడు ఇద్దరూ పరీక్ష చేయించుకోవాలని, అప్పటికి తన మనసు ఎలా ఉంటుందో తనకే తెలియదని చెప్పి తల్లిదండ్రులతో కారెక్కింది. సతీష్ అక్కడే నిలబడిపోయాడు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ దుర్గ చేతిని తన చేతుల్లోకి తీసుకుని చాలాసేపు మాట్లాడింది. మందు పనిచేసిందో లేదో కొన్ని నెలలకొకసారి రక్తం చూసి తెలుసుకోవాలంది. ఇలాంటి జబ్బు ఒకటి వచ్చినప్పుడు హెచ్‌ఐవీ లాంటివి కూడా చూడటం మంచిదని, మొదట్లో చూసినవే అయినా మళ్లీ చూడాలని, ఇది ఎవరినీ అనుమానించడం కాదని చెప్పింది. అప్పటిదాకా దుర్గ బాగానే ఉంది. రక్తం తీసే గది ముందు బల్ల మీద అంబాజీపేటలో తమ వీధివాళ్లు ఇద్దరు కనిపించేసరికి ఆగిపోయింది. ఏ పరీక్షకని వాళ్లు అడగనే అడిగారు. దుర్గ మొహం కందిపోయింది. ఇంకోసారి వద్దాం నాన్నా అని తండ్రి చెయ్యి పట్టుకుని వెనక్కి తిరిగింది.

వీరవేణి ఆ మొహం చూసింది. ఏడో నెలలో తను ఎలాంటి పరీక్ష అని ఈసడించుకుందో, ఆ ఈసడింపే ఇప్పుడు కూతురి మొహంలో సిగ్గయి కూర్చుంది! ఎవరినీ అడగలేదు. తిన్నగా లోపలికి వెళ్లి కుర్చీలో కూర్చుని, గాజులు పైకి తోసుకుని చెయ్యి చాపింది. తలుపు తెరిచే ఉంది. బల్ల మీదివాళ్లు కూడా చూస్తూనే ఉన్నారు.

"ముందు నాది తియ్యండమ్మా. ఈ సుఖవ్యాధుల పరీక్షలన్నీ నాకూ చెయ్యండి" అంది.

సూది పట్టుకున్న అమ్మాయి తెల్లబోయి, మీకెందుకండీ ఈ వయసులో అంది.

"నేనూ కాపురం చేసేదాన్నే కదండీ" అంది వీరవేణి.

గుమ్మంలో నిలబడ్డ కనకరాజు చొక్కా చెయ్యి పైకి మడుచుకుని ఆమె వెనకాల నిలబడ్డాడు. ముప్పయ్యేళ్ల కాపురంలో వాళ్లిద్దరూ ఇలాంటి పరీక్షల మాట ఎప్పుడూ అనుకుని ఎరగరు! వీధివాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. అమ్మాయి రక్తం తీసి, దూది పెట్టి, తర్వాత ఎవరండీ అని బయటికి చూసింది.

కనకరాజు పక్కకు జరిగితే దుర్గ నెమ్మదిగా లోపలికి వచ్చింది. తల్లి లేచిన కుర్చీలోనే కూర్చుంది, చెయ్యి చాపింది. సూది దిగుతున్నప్పుడు తన చేతి వంక చూసుకోలేదు. పక్కన నిలబడ్డ వీరవేణికి కళ్ల నీళ్లతో ఏమీ కనిపించక, తన మోచేతి మడతలో దూది జారిపోయినా తెలియలేదు. దుర్గ ఖాళీగా ఉన్న చెయ్యి చాపి ఆ దూదిని మళ్లీ సరిగ్గా పెట్టి, వేలితో అదిమి పట్టుకుంది.

"గట్టిగా నొక్కుకో అమ్మా" అంది. "రక్తం కారతంది."