పనిముట్టుకు ఆఖరి అప్‌డేట్

కప్పు తెచ్చి బల్ల మీద పెట్టిన వెయిటర్ ఆ హోటల్లో పనిచేసేవాడు కాదు.

సోమయాజులు ఆ సంగతి గమనించలేదు. నాంపల్లి స్టేషన్ ఎదుటి ఇరానీ హోటల్లో, ఎప్పుడూ కూర్చునే మూల బల్ల దగ్గర కూర్చుని, టీ సాసర్‌లోకి వంపుకుని ఊదుకుంటూ తాగాడు. రెండో గుక్కకి చెయ్యి గుండె మీదికి వెళ్లింది. కుర్చీతో సహా పక్కకి ఒరిగిపోయాడు.

"జల్ది దవాఖానకు తీస్కపోండ్రి!" అని ఎవరో అరిచారు.

అందరికంటే ముందు వంగి ఆయన చొక్కా గుండీలు విప్పినవాడు ఆ వెయిటరే. గాలి ఆడటానికి విప్పుతున్నాడనుకున్నారు. జంధ్యానికి కట్టి ఉన్న చిన్న నల్లటి వస్తువును తెంపుకుని అతను జనంలో కలిసిపోయాడు.

అబిడ్స్‌లో పోస్టాఫీసుకి కాస్త అవతల, పాత భవనం పైఅంతస్తులో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ బోర్డు వేలాడుతుంటుంది. లోపల టైపు నేర్చుకునేవాళ్లెవరూ ఉండరు; అది ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంట్ రహస్య ఆఫీసు. రత్నాకర్ ఆ గదిలో సీసీటీవీ క్లిప్‌ని ఆపి, వెయిటర్ ముఖాన్ని పెద్దది చేశాడు. ఎడమ కనుబొమ మధ్యలో తెల్లటి గీటు.

"గుర్తుపెట్టుకో వనితా. ఇంతకీ నీ కంప్యూటర్‌లో పనిముట్టు ఉందా?"

"ఉంది సార్. అది లేని కంప్యూటర్ ఏడుంటది?"

ఆ మాట నిజమే. పనిముట్టు చిన్న సాఫ్ట్‌వేర్. తెలుగు టైప్ చేస్తుంది, పీడీఎఫ్‌లు కలుపుతుంది, అప్లికేషన్లకు ఫొటో సైజు తగ్గిస్తుంది, లేబుళ్లు ప్రింట్ చేస్తుంది. ఉచితం. ప్రకటనలు లేవు. డీటీపీ సెంటర్లు, తహశీల్దార్ ఆఫీసులు, మందుల దుకాణాలు, బ్లడ్ బ్యాంకులు, అన్నీ దాని మీదే నడుస్తున్నాయి.

"దాన్ని రాసింది సోమయాజులు ఒక్కడే. రిటైరయ్యాక ఇంట్లో కూర్చుని రాశాడు. ఏదో విదేశీ కంపెనీ కొంటామని వెంటపడుతోందని మొన్ననే మన దగ్గరికొచ్చి చెప్పాడు. అమ్మనన్నాడు. చంపేశారు."

"మెడలోంచి తెంపింది ఏంది సార్?"

"సైనింగ్ కీ. పెన్‌డ్రైవ్ లాంటిది. అది గుచ్చి పిన్ కొడితేనే, వచ్చిన అప్‌డేట్ ఆయన పంపిందేనని కంప్యూటర్లు నమ్ముతాయి. పిన్ ఆయన ఎవరికీ చెప్పలేదు. మనక్కూడా."

రత్నాకర్ గొంతు తగ్గించాడు.

"వాళ్ల అప్‌డేట్ రెడీగా ఉంది. అది ఏ ఫైలునీ పాడు చేయదు, ఎవరికీ అనుమానం రాదు. అక్కడక్కడ ఒక్క అక్షరాన్నో అంకెనో మారుస్తుంది, అంతే. మందు డోసులో ఒక సున్నా పెరుగుతుంది. రక్తం సంచీ మీద గ్రూపు మారుతుంది. ఎక్కడ తప్పు జరిగిందో తెలిసేలోపు ఎంతమంది పోతారో లెక్క కట్టలేం."

వనితకి సిద్దిపేట దవాఖానలో తన చెల్లెలికి ఎక్కించిన రక్తం సంచీ, దాని మీద అతికించిన కాగితం గుర్తొచ్చాయి.

"ఇదంతా మనకెట్ల తెలిసింది?"

"మన మనిషి లోపల ఉంది. పేరు హైందవి. నాంపల్లిలో వాళ్లు పెట్టిన దొంగ ట్రాన్స్‌లేషన్ ఆఫీసుకి మేనేజర్. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కలుస్తుంది. నువ్వు ఉద్యోగానికొచ్చిన డీటీపీ ఆపరేటర్‌వి. రాజేందర్ నీ వెనకే ఉంటాడు. లోపలికెళ్లు, కీ పట్టుకురా."

ఆదివారం. షట్టర్లు మూసిన దుకాణాల ముందు పుస్తకాలు గుట్టలుగా పరిచి ఉన్నాయి. వనిత వెలిసిపోయిన చుడీదార్‌లో, లావు అద్దాల కళ్లజోడుతో, పాత కంప్యూటర్ పుస్తకాల గుట్ట ముందు గొంతుక్కూర్చుంది. కొంచెం దూరంలో డెలివరీ బాయ్ జాకెట్‌లో రాజేందర్ ఫోన్ చూసుకుంటున్నాడు.

జనం పక్కకి తప్పుకుని దారిచ్చారు. లేత బూడిదరంగు చీర, నల్లద్దాలు, మెడలో ఒకే ఒక్క ముత్యం. హైందవి నడిచొస్తుంటే బేరాలాడేవాళ్లు కూడా ఒక క్షణం ఆగిపోయారు.

"మీకు బాగా ఇష్టమైన సాఫ్ట్‌వేర్ ఏది?" అని అడిగింది, పుస్తకం తిరగేస్తూ.

"పేజ్‌మేకర్. పాతదే."

"పాతదెందుకు?"

"చెప్పిన మాట ఇంటది."

హైందవి నవ్వింది. కోడ్ సరిపోయింది.

"ఇవాళ ఆఫీసులో ఎవరూ లేరు. కీ నా టేబుల్ సొరుగులోనే ఉంది. ఇదే ఛాన్స్. పదండి."

నాంపల్లిలో భవనం లిఫ్ట్ పనిచేయడం లేదు. కింది దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. మెట్ల మీద వెలుతురు తక్కువ. తమ చెప్పుల చప్పుడు తప్ప ఏమీ వినపడటం లేదు. వనిత వెనక్కి తిరిగి చూడలేదు. రాజేందర్ రెండో అంతస్తులో ఆగుతాడని, తను చేతి గాజులో దాచిన సిగ్నల్ బటన్ నొక్కితేనే పైకి వస్తాడని ముందే అనుకున్నారు.

మూడో అంతస్తు గదిలో కిటికీలకు నల్లటి బ్లైండ్స్ దించి ఉన్నాయి. ఒక బల్ల, దాని మీద వెలుగుతున్న కంప్యూటర్. వనిత కుర్చీలో కూర్చోగానే పక్క గదిలోంచి ఒకడు ట్రేతో వచ్చి, కప్పు ముందు పెట్టాడు.

"టీ తీస్కోండ్రి మేడం."

ఎడమ కనుబొమ మధ్యలో తెల్లటి గీటు.

వనిత వేళ్లు గాజు వైపు కదిలాయి. అప్పటికే హైందవి ఆ చెయ్యి పట్టుకుని, గాజును మెల్లగా లాగేసింది.

"డిపార్ట్‌మెంట్ గాజులు నాక్కూడా ఇచ్చారు వనితగారూ. పాపం, డిజైన్ మార్చరు."

తలుపు గడియ పడింది. వెయిటర్ ట్రే కింద నుంచి పిస్టల్ తీశాడు. హైందవి స్పీకర్ ఆన్ చేసింది. ముఖం లేని నల్లటి చతురస్రంలోంచి ఒక మగ గొంతు, యాస పట్టిన ఇంగ్లీషులో, "ప్రొసీడ్" అంది.

కంప్యూటర్‌కి నల్లటి కీ గుచ్చి ఉంది. దాని చివర జంధ్యం పోగు ఇంకా వేలాడుతోంది. తెర మీద ఒక పక్క పంపడానికి సిద్ధంగా ఉన్న అప్‌డేట్. ఇంకో పక్క ఒకే వాక్యం: మూడు ప్రయత్నాల్లో మిగిలింది ఒకటి.

"మేం ఒక్కసారి కూడా కొట్టలేదు. మా చేతికి వచ్చేసరికే ఇలా ఉంది. ఇంకొక్కసారి తప్పు కొడితే కీ శాశ్వతంగా లాక్ అవుతుంది. అందుకే మిమ్మల్ని పిలిపించాను. రత్నాకర్‌గారు ముసలాయనతో అంతసేపు మాట్లాడారు. పిన్ మీ దగ్గరుంది."

"ఉంటే నేనెందుకు గింత దూరమొస్త?"

హైందవి ఫోన్ తిప్పి చూపించింది. వీడియో. సోమయాజులు భార్య జానకి ఇంటి హాలు. పరామర్శకి వచ్చినట్టు ఒకడు ఆవిడ ఎదురుగా కూర్చుని ఉన్నాడు. ఆవిడ వాడికి మంచినీళ్లు ఇస్తోంది.

వనిత వీడియో మీంచి కళ్లు తిప్పి కీ వైపు చూసింది. తనకి పిన్ తెలియదు. తెలియదని చెబితే వీళ్లు జానకిని అడుగుతారు. ఆవిడని అడిగే పద్ధతి ఎలా ఉంటుందో ఆలోచించలేకపోయింది. ఆ ఒక్క ప్రయత్నమూ పోతే ఎవర్నీ ఏమీ అడగాల్సిన పని ఉండదు. అప్పుడు తనని మాత్రం బతకనివ్వరు.

తల దించుకుంది. కళ్లలో నీళ్లు తెచ్చుకోవాల్సిన అవసరం రాలేదు. అవే వచ్చాయి.

"చెప్త. ఆ అమ్మను ఏం చెయ్యకుండ్రి."

"ముందు పిన్."

"సున్నా ఒకటి, ఒకటి ఒకటి, అయిదు ఆరు."

హైందవి కళ్లు మెరిశాయి. "నవంబర్ ఒకటి, యాభై ఆరు! వాళ్ల నాన్న కాకినాడ నుంచి సెక్రటేరియట్ ఉద్యోగానికి ఇక్కడికొచ్చిన రోజు. కొనడానికి వెళ్లినప్పుడు ఆ కథ నాకు చెప్పకుండా వదల్లేదు ముసలాయన." స్పీకర్ వైపు తిరిగి ఇంగ్లీషులో, "ఇట్ ఫిట్స్" అంది.

"ఎంటర్ ఇట్," అంది ఆ గొంతు.

హైందవి ఒక్కొక్క అంకె కొట్టింది. ఎంటర్ నొక్కింది. కీ మీద చిన్న దీపం ఆకుపచ్చగా రెపరెపలాడింది. వనిత చెప్పింది అప్పటికప్పుడు తోచిన ఆంధ్రప్రదేశ్ అవతరణ తేదీ. ఏమో, ఆయన నిజంగానే ఆ తేదీ పెట్టుకుని ఉంటే?

దీపం ఎర్రగా మారి, ఆరిపోయింది.

కీ లాక్ అయింది.

స్పీకర్‌లో గొంతు చాలా మామూలుగా, "క్లీన్ ది రూమ్. బోత్ ఆఫ్ దెమ్," అంది. కాల్ కట్ అయింది.

బోత్ అన్న మాట అర్థమవడానికి హైందవికి ఒక క్షణం పట్టింది. వెయిటర్ పిస్టల్ ముందు ఆమె వైపే తిరిగింది. వనితకి ఆ క్షణం చాలు. బల్ల కింద ఉన్న యూపీఎస్‌ని రెండు చేతులా లాగి, బ్లైండ్స్‌తో సహా కిటికీలోంచి విసిరేసింది. అద్దం భళ్లున పగిలి నాంపల్లి రోడ్డు మీద పడింది. కింద జనం కేకలు. పిస్టల్ పేలింది. వనిత భుజం భగ్గుమంది. ఆమె మూలనున్న ఇనుప బీరువా వెనక్కి దొర్లింది. రెండో గుండు బీరువా తలుపులో దిగింది.

మూడోది పేలేలోపు బయటినుంచి తలుపు విరిగి లోపలికి పడింది. దాని మీదనుంచి రాజేందర్ దూకి, వెయిటర్ మోకాలికి కాల్చాడు.

"జర సిగ్నల్ ఇస్త అన్నవ్ గదా అక్కా! గీ కొంప కూలగొట్టుడు ఏంది?"

"గాజు తీస్కున్నరు రా." వనిత భుజం పట్టుకుని లేచింది. "ముందుగాల సార్‌కు ఫోన్ కొట్టు. జానకమ్మ ఇంట్ల ఒకడున్నడు."

రత్నాకర్ గొంతు ఫోన్‌లో ప్రశాంతంగా వినిపించింది. "ఉన్నాడు కాదు, ఉండేవాడు. పిన్ కోసం ఇక్కడికి కూడా వస్తారనే నేను పొద్దున్నుంచి వాళ్ల వంటింట్లోనే ఉన్నాను."

గోడకి ఆనుకుని కూర్చున్న హైందవి సంకెళ్ల కోసం తనే చేతులు చాపింది. జైల్లోనే తనకి ఎక్కువ క్షేమమని అప్పటికి ఆమెకి అర్థమైనట్టుంది.

కట్టు కట్టించుకుని వనిత జానకి దగ్గరికి వెళ్లింది. తెగిన పోగుతో పాటు కీని ఆవిడ చేతిలో పెట్టి, రెండు ప్రయత్నాలు ఎవరు పోగొట్టారో తేలలేదని చెప్పింది. జానకి ఆ తెగిన పోగును వేలికి చుట్టుకుంది.

"ఆయనేనమ్మా. ఆ రోజు పొద్దున కళ్లజోడు కనబడక రెండుసార్లు తప్పు కొట్టుకున్నారు. మూడోసారి కొట్టడానికి భయం వేసింది. నాంపల్లి వెళ్లి కాస్త టీ తాగొచ్చి, నిమ్మళంగా కొడతానే జానకీ అని వెళ్లారు."

వనిత ఆవిడ చెయ్యి పట్టుకుని పక్కనే కూర్చుంది.

తెల్లారి అబిడ్స్ సందులో, భూమయ్య డీటీపీ సెంటర్ ముందు జనం వరసగా నిలబడ్డారు. రేషన్ కార్డులు, హాల్ టికెట్లు, ఆస్పత్రి రిపోర్టులు. ప్రింటర్ చప్పుడు ఆగడం లేదు. వనిత వెనక నిలబడి, తెర మీద కలుస్తున్న పీడీఎఫ్‌లో ఒక్కో అంకెనీ కళ్లతో తడిమింది. అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

"పనిముట్టు రాసిన పెద్దాయన పోయిండంట గద మేడం?" అన్నాడు భూమయ్య, తల తిప్పకుండానే.

"ఔ."

"అయితే ఇగ అప్‌డేట్లు?"

"రావు. ఎన్నడూ రావు."

భూమయ్య కీబోర్డు మీద చేతులు ఆపి, ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు.

"దేవుడసొంటి మనిషి మేడం. అప్‌డేట్ల పీడ తప్పించి ఏ కంపెనోడన్న ఇంత మేలు చేస్తడా?"