పవర్ బటన్ మీద బొట్టు

జెబరాజ్‌ను చంపి పెరంబూరు పట్టాల పక్కన పడేశారు. అతని ప్రాణం తీసింది ముఠా కత్తే అయినా, ఆ కత్తిని ఒర నుంచి లాగింది మాత్రం చింతాద్రిపేటలోని ఒక డెస్క్‌టాప్ కంప్యూటర్. అది సరిగ్గా జవాబు చెప్పాల్సిన సమయానికి క్రాష్ అయింది. అంతే, మనిషి పోయాడు.

అది ఉన్న మేడ బయటికి కంప్యూటర్ రిపేరు షాపు. లోపల సీక్రెట్ యూనిట్. చీఫ్ ఏకాంబరం చూడటానికి పప్పుల హోల్‌సేల్ వ్యాపారిలా ఉంటాడు. ఆయన తాతలు చేసింది ఆ వ్యాపారమే.

"భరణీ, నాలుగింటికి మళ్లీ కోడ్ వస్తాది. ఈసారి అక్షయ పేరు మీద. మిషన్ పడుకునిందంటే పిల్ల దక్కదు," అన్నాడు చీఫ్.

ఏజెంట్ భరణి తల ఊపాడు. విదేశీ ముఠాకు చెందిన మద్రాసు బాస్‌ను యూనిట్ పోయిన నెలలో చడీచప్పుడు లేకుండా ఎత్తేసింది. ఆ సంగతి ముఠాకు తెలియదు. బాస్ కంప్యూటర్‌ను ఉన్నదున్నట్టు కాపీ తీసి, ఈ డెస్క్‌టాప్‌లో వర్చువల్ మెషిన్‌గా నడుపుతున్నారు. కంప్యూటర్ కడుపులో ఇంకో కంప్యూటర్ అన్నమాట. ముఠా ఒక్కో కొరియర్ పేరిట కోడ్ పంపుతుంది. బాస్ జవాబివ్వాలి. రాకపోతే ఆ కొరియర్ ద్రోహి కింద లెక్క. పక్కనే ఉన్న కాపలావాడు పని ముగించేస్తాడు. జెబరాజ్ కొరియర్ వేషంలో లోపలికి దూరిన యూనిట్ మనిషి. అక్షయ కూడా అంతే. షోళింగనల్లూరు ఫ్లాట్‌లో ఆమె వెనకే ఇప్పుడొకడు కూర్చుని ఉన్నాడు.

భరణి వర్చువల్ మెషిన్ స్టార్ట్ చేశాడు. తెర వెలిగింది, వణికింది, నల్లబడింది. మళ్లీ చేశాడు. మళ్లీ అదే.

"పాపం, అక్షయ," అంది మృణాళిని, కుర్చీకి ఆనుకుని. పట్టుచీర, గది నిండా సెంటు వాసన. ముఠాలో ఉంటూ యూనిట్‌కు పనిచేసే డబుల్ ఏజెంట్ ఆమె. బాస్‌ను పట్టిచ్చింది కూడా ఆమే. పెద్ద వ్యాపారస్తుల ఇంటి ఆడపడుచు, చీఫ్‌కు వరసకు మేనకోడలు. "పాత డొక్కు మిషన్ పా ఇది. విట్టుడు, వదిలేయ్ భరణీ."

భరణి వదల్లేదు. తప్పులన్నీ నమోదయ్యే లాగ్ తెరిచాడు. మెమరీ చాలలేదని ఉంది. అతనికి ఒళ్లు మండింది. జెబరాజ్ పోయిన రోజే కొత్త ర్యామ్ తెచ్చి బిగించాడు, రెండు మిషన్లకు సరిపోయేంత. మరి తింటున్నదెవరు? టాస్క్ మేనేజర్‌లో చూశాడు. విండో లేకుండా, తెర మీదికి రాకుండా, ఇంకో వర్చువల్ మెషిన్ లోపల కూర్చుని, ఉన్న మెమరీ అంతా మింగుతోంది. కొత్త ర్యామ్‌ను కూడా దాని వాటాలో కలిపారు. ఎప్పుడు? ఇవాళ తెల్లవారుజామున.

"నిన్న ఆయుధపూజ గదా," అన్నాడు ఏకాంబరం, గొంతు మారిపోయి. "మిషన్లన్నీ ఆపి, గంధం కుంకుమ నేనే పెట్టినా. పూజలో పెట్టింది ముట్టిందెవరు?"

భరణి జేబులోంచి చేతిరుమాలు తీశాడు. పొద్దున పవర్ బటన్ నొక్కినప్పుడు వేలికి తడి గంధం అంటుకుంటే దీంతోనే తుడుచుకున్నాడు. మిగతా మిషన్ల మీద బొట్లు ఎండి పెచ్చులు లేస్తున్నాయి. దీని మీది బొట్టు ఒక్కటే పచ్చిగా ఉండింది. ఎవరో బటన్ నొక్కి, పని ముగించుకుని, పోతూ పోతూ చెరిగిన బొట్టును మళ్లీ దిద్దారు.

ఈ గదికి తాళాలున్నది ముగ్గురి దగ్గరే. అతను మృణాళిని చెయ్యి పట్టుకుని తిప్పాడు. ఉంగరపు వేలి గోరు సందులో కుంకుమ.

"జెబరాజ్‌ను చంపించి హాయిగా నిద్రపోయినావు. బొట్టు చెరిగిన బటన్‌ను మాత్రం చూడలేకపోయినావు."

"పూజ చేసిన వస్తువు," అంది మృణాళిని, అదేదో మామూలు మాటలా. "అట్లే వదిలేస్తే ఇంటికి మంచిదా?" చెయ్యి లాక్కుని నవ్వింది. "కొరియర్లు ఒక్కొక్కరే ద్రోహులని తేలితే బాస్ చేతగానివాడు అవుతాడు. అప్పుడు ఆ కుర్చీ నాది. నా మిషన్ పాస్‌వర్డ్ లేకుండా మూశావంటే ముఠాకు అలారం పోతాది. అక్షయ ఆడనే ఖతం. సీక్రం, తొందరగా తేల్చుకో."

నాలుగు కావస్తోంది. ఏకాంబరం నుదుటి చెమట తుడుచుకున్నాడు.

"మూసేదెవరు?" అన్నాడు భరణి. "నిద్రపుచ్చుతా." సేవ్ స్టేట్ నొక్కాడు. దొంగ మెషిన్ ఎక్కడిదక్కడ గడ్డకట్టి డిస్క్‌లోకి జారిపోయింది. ఆగిపోయానన్న సంగతి దానికే తెలియదు, ఇక అలారం ఎక్కడిది? మెమరీ ఖాళీ అయింది. బాస్ మెషిన్ స్టార్ట్ చేశాడు. తెర వెలిగింది, వణికింది, నిలిచింది. కోడ్ అప్పటికే వచ్చి ఉంది. గడువు గీత చివరి అంచున ఉండగా జవాబు కొట్టాడు.

కాసేపటికి ఏకాంబరం ఫోన్‌కు అక్షయ దగ్గర్నుంచి రాంగ్ నంబర్ కాల్ వచ్చింది. ప్రాణాలతో ఉన్నానని గుర్తు. ఏకాంబరం కళ్లు మూసుకుని దండం పెట్టుకున్నాడు.

"నా మిషన్ లేపు," అంది మృణాళిని. మొహంలో నవ్వు లేదు. "అయిదింటికి నాకూ కోడ్ వస్తాది, దాంట్లోంచే జవాబియ్యాల."

"తెలుసు. దాని లాగ్ కూడా చదివినా."

"జవాబు ఇయ్యకపోతే నాకు కాపలా పెట్టిన డ్రైవరే..." భరణి చెయ్యి పట్టుకుంది. "అరెస్ట్ చెయ్ భరణీ. జైల్లో పెట్టు. మామా, నువ్వైనా చెప్పు."

"షాపులో లాకప్ లేదమ్మా," అన్నాడు ఏకాంబరం, కిటికీలోంచి వీధిలోకి చూస్తూ. "నీ కారొచ్చి నిలబడి ఉండాది. పో."

"డ్రైవర్‌కు నిజం చెప్పుకో," అన్నాడు భరణి. "నమ్ముతాడేమో. జెబరాజ్ కూడా చెప్పుకునే ఉంటాడు."

ఆమె మెట్లు దిగింది. కారు తలుపు పడిన చప్పుడు వినిపించింది. భరణికి జాలి వేయలేదు. వేయనందుకు బాధా కలగలేదు.

మర్నాడు పేపర్లో చిన్న వార్త వచ్చింది, కూవం నది ఒడ్డున పట్టుచీరలో గుర్తు తెలియని శవమని. ఏకాంబరం నిదానంగా చదివాడు. గంధం గిన్నె తెచ్చి, పవర్ బటన్ తడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, కొత్త బొట్టు పెట్టాడు. తర్వాత ఆ పేపర్‌నే మడిచి, దుమ్ము పడకుండా మిషన్ మీద కప్పాడు.

"ఎట్లుండాది నాయనా మిషన్?"

"బాగుండాది సార్," అన్నాడు భరణి. "ఇప్పుడు మెమరీ కావాల్సినంత ఉంది."